లొట్టి ముందా, మనిషి ముందా

తాటిచెట్టెక్కే గీత కార్మికులకు నడుముకు కట్టుకునే మాట్లాడే మోకుతాళ్లు వచ్చి ఆరేళ్లయింది. పైన మనిషికి ఏదైనా అయితే ఎనిమిది నిమిషాల్లో కిందికి దించేవాళ్లు ఉన్నారని పరీక్షలో తేలితేనే, మోకు ఆ ఏడాది చెట్టెక్కనిస్తుంది. బుగ్గయ్యకు ఉన్నది భార్య అండాలు ఒక్కతే. నిరుడిదాకా తోడున్న పక్క చెట్ల వాళ్లంతా పని మానేశారు.

మొదటి పరీక్షలో అండాలు తప్పింది. చెట్టుకు రెండు తాళ్లున్నాయి, ఒకటి కల్లు లొట్టికి, ఒకటి మనిషికి. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ ఆమె నిండు లొట్టిని చుక్క ఒలకకుండా దించి, ఆ తర్వాత మొగుణ్ణి దించింది. తొమ్మిది నిమిషాలు పట్టింది.

"నాకన్న లొట్టే ఎక్కువైందా నీకు?" అన్నాడు బుగ్గయ్య.

"లొట్టి అమ్ముడుపోతది. నిన్నెవరు కొంటరు?"

అలా అన్నదే గాని ఆమె మొగుడి తాడు ముడిని రెండుసార్లు లాగి చూసింది. ఇంకొక్క అవకాశమే మిగిలింది. అదీ తప్పితే ఈ ఏడాది చెట్టు బంద్.

బుగ్గయ్య మళ్లీ ఎక్కి, ఇంకో లొట్టిని తాడుకు తగిలించి, స్పృహ తప్పినట్టు కళ్లు మూసుకుని వేలాడాడు. అండాలు చెయ్యి మళ్లీ లొట్టి తాడు మీదికే పోయింది. తలెత్తి చూస్తే మొగుడి పాదాలు గాలికి ఊగుతున్నాయి. ఆమె చప్పున చెయ్యి తీసి, రెండో తాడు గిరక తిప్పింది.

"ఆరు నిమిషాలు. ఈ ఏడాది ఎక్కవచ్చు" అంది మోకు.

"మరి లొట్టి?" అన్నాడు బుగ్గయ్య, కాళ్లు నేలకు ఆనగానే.

"ఇయ్యాల నువ్వు దించు" అంటూ ఆమె నీడన కూలబడింది.

లొట్టి కిందికి వచ్చేసరికి ఒలికింది పోను సగమే మిగిలింది. ఆ సగం ఇద్దరూ అక్కడే కూర్చుని తాగారు.