తలుపు మీద సుద్దరాత

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఏడో ఏట. ముందు తమిళం, ఆ తర్వాత తెలుగు. ఒత్తులు జారిపోతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. ఒక పేజీ రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

పొగ వంగింది.

పదమూడు ఇళ్లలో నిటారుగా లేచిన అగరుబత్తి పొగ పద్నాలుగో ఇంటి పడకగది కిటికీ దగ్గర చటుక్కున పక్కకు తిరిగి గదిలోకి ఉరికింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. వీధివాకిలికి ఎర్రగుడ్డ బిగించి, దాని మధ్యలో పెట్టిన పెద్ద ఫ్యాను ఇంట్లో గాలిని గుయ్యిమంటూ బయటికి లాగుతోంది. ఎక్కడన్నా సందుంటే బయటి గాలి అక్కడినుంచే లోపలికి దూరుతుంది. పరీక్ష అదే.

"కదలకక్కా, అట్లే పట్టుకో!" అంది విరుదునగర్ నుంచి వచ్చిన ఇంజనీరు ఇళవరసి. మీటరు చూసి మొహం చిట్లించింది. "ఈ ఇల్లు ఫెయిలు."

రోజుకూలికి వచ్చి అగరుబత్తి పట్టుకున్న ఇసక్కిసెల్వి కిటికీ చట్రం తడిమి చూసింది. "వెంట్రుక దూరేంత కూడా లేదు గదమ్మా?"

"చిత్తిర నెల ఎండకు అది చాలు. ఇల్లు కుంపటైపోతుంది. కరెంటు తక్కువ తినే ఇళ్లని ఊరంతా బోర్డులు పెట్టారు, కట్టింది మాత్రం ఇదీ! మేస్త్రీ వచ్చి పూడ్చాలి, నేను మళ్లీ పరీక్ష చెయ్యాలి. అప్పటిదాకా దీని తాళంచెవి ఎవరికీ ఇవ్వకూడదు. తలుపు మీద ఏదన్నా గుర్తు పెట్టు. రిపోర్టు పై ఆఫీసుకు నేను పంపిస్తా."

ఇసక్కిసెల్వి పోతూ పోతూ గోడకు అరచెయ్యి ఆనించింది. సందున్నా చల్లగానే ఉంది. పొద్దుటినుంచి ప్రతి ఇంటి గోడకూ అలాగే చెయ్యి ఆనించి చూస్తోంది. తానుండేది అగ్గిపెట్టెల గోడౌను వెనక రేకుల కొట్టంలో. మధ్యాహ్నమైతే అందులో నీళ్లకుండ కూడా కాగుతుంది. ఈ సర్కారు ఇళ్ల కోసం అర్జీ పెట్టుకున్నవాళ్ల లిస్టులో ఆమె పేరు పదిహేనోది. ఇళ్లు పద్నాలుగే.

బయటికొచ్చి సుద్దముక్క తీసింది. ఒక ఇంటూ గుర్తు గీస్తే సరిపోయేది. కానీ సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చి ఆరు నెలలే అయింది, చెయ్యి ఊరుకోలేదు. ఇంట్లో మాట్లాడే తెలుగు మాటనే, తనకు వచ్చిన తమిళ అక్షరాల్లో, నాలుక మునిపళ్ల మధ్య పెట్టుకుని గుండ్రంగా దిద్దింది.

గాలి.

మర్నాడు పది గంటలకు, ఇళవరసి రిపోర్టు ఇంకా చేరకముందే, ఆఫీసరు రంగరాజన్ వచ్చి పదమూడు పేర్లు పిలిచాడు, పదమూడు తాళంచెవులు ఇచ్చాడు.

"పాండీశ్వరి!"

పలికినవాళ్లు లేరు. రెండోసారి పిలిచాడు. మూడోసారీ పిలిచాడు. తర్వాత తలెత్తి పద్నాలుగో తలుపు చూశాడు.

"కాలి" అని పైకి చదివాడు.

ఇసక్కిసెల్వి తలుపు వైపు తిరిగింది. తమిళంలో క అన్నా గ అన్నా ఒకటే అక్షరం. తాను గాలి అని రాసింది. ఆయన కాలి అని చదివాడు. కాలి అంటే తమిళంలో ఖాళీ.

"ఏమయ్యా వాచ్‌మన్, ఇల్లు వద్దన్నవాళ్ల తలుపు మీద కాలి అని రాసిపెట్టమన్నాను. ఇది నువ్వు రాసిందేనా?"

వాచ్‌మన్‌కు ఆయన ఆ మాట చెప్పిన సంగతే గుర్తులేదు. తల గోక్కుని, "నేనే సార్, నిన్ననే రాసినాను" అన్నాడు.

"సరే. లిస్టులో తర్వాతి పేరు... ఇసక్కిసెల్వి! ఎవరమ్మా? రా, రిజిస్టరు దగ్గరికి రా."

ఆమె రెండడుగులు వేసిందో లేదో, రోడ్డు మీదినుంచి ఒకతె పరుగెత్తుకుంటూ వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో పాలచెంబు.

"సార్, సార్! పాండీశ్వరిని నేనే. తిరుత్తంగల్ నుంచి వస్తున్నాను. బస్సు దారిలో చెడిపోయింది సార్!"

"ఇల్లు వద్దన్నావంట కదా?"

"వద్దనేదానికి నాకేమన్నా పిచ్చా సార్? పాలు పొంగించాలని చెంబు కూడా తెచ్చుకున్నా!"

"తలుపు చూడు. నిన్ననే రాశారు."

పాండీశ్వరికి చదువు రాదు. ఆ రాత వైపు బిత్తరపోయి చూసింది. గుంపులో తన పాస మాట్లాడే మనిషి ఒక్కతే కనిపించింది. ఇసక్కిసెల్వి చెయ్యి పట్టుకుని తెలుగులో అడిగింది.

"పెద్దమ్మా, నిన్నంతా ఈడ పనిచేసింది నువ్వేనంట గదా. ఇది ఎవురు రాసిందో చూసుంటావు. ఒక్క మాట చెప్పు పెద్దమ్మా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఇసక్కిసెల్వి గోటి కింద సుద్ద ఇంకా తెల్లగానే ఉంది. చెప్పాల్సింది ఒక్క మాట కూడా కాదు, ఒక్క అక్షరం. క కాదు సార్, గ. అంతే. చంకలో పిల్ల ఎండకు మొహం తిప్పుకుని తల్లి భుజంలో దాచుకుంది. తలుపు అవతల గోడ చల్లగా ఉంది.

"ఏమంటోంది ఆమె?" అని తమిళంలో విసుక్కున్నాడు రంగరాజన్. "ఆ రాత సంగతి నీకేమన్నా తెలుసా? అసలు నీకు చదవడం, రాయడం వచ్చా? తొందరగా చెప్పమ్మా, సంతకమా, వేలిముద్రా?"

రిజిస్టరు మీద కలం ఉంది. దాని పక్కనే సిరా డబ్బా ఉంది. ఆరు నెలలుగా తన పేరు సంతకం చెయ్యాలని ఆమె ఎన్ని పలకలు నింపిందో లెక్కలేదు.

ఇసక్కిసెల్వి చెయ్యి విడిపించుకుంది. బొటనవేలు సిరాలో ముంచింది.

రాసింది: ఇసక్కిసెల్వి
వయసు: అరవై మూడు
ఇప్పుడు ఉండేది: పద్నాలుగో నంబరు ఇల్లు, ఎట్టయాపురం రోడ్డు, కోవిల్‌పట్టి