అంకెలు రాని అమ్మాయి

ఏటి నీళ్ళు పిండిమరలోకి వచ్చి బస్తాల మీద పడుకున్న ఏడు అది.

నీళ్ళు తీశాయి గాని, మోటారు మళ్ళీ తిరగలేదు.

కొత్తది కొనడానికి మర ముసలాయన, భార్య కూడబెట్టిందంతా బ్యాంకులో వేశారు. అది పోతే మర తలుపు ఇక తెరిచేది లేదు. ఇద్దరికీ వేరే పని రాదు.

ఒక పొద్దున్న గోడల బురద కడుగుతుంటే ఫోను మోగింది.

"బ్యాంకు నుంచండీ," అంది ఒక ఆడగొంతు. "మీ ఖాతా ఆగిపోబోతోంది. ఆగకూడదంటే ఇప్పుడు మీ ఫోనుకి ఒక నంబరు వస్తుంది. అది చదివి చెప్పండి."

ముసలాయన చీపురు పారేసి, కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కో అంకే చదివాడు. మర హోరులో బతికినవాడు, చిన్నగా మాట్లాడటం రాదు. వీధంతా విన్నది.

"తప్పు," అంది ఆమె.

"తప్పేంటమ్మా? ఉన్నదే చదివాను."

"కొడితే తప్పంటోంది. ఇంకోటి వస్తుంది, సరిగ్గా చూడండి."

ఇంకోటి వచ్చింది. చదివాడు.

"చివర ఎనిమిదా?"

"ఎనిమిది కాదమ్మా, మూడు."

"ఎనిమిదనే కదా అన్నారు?"

"మూడు తల్లీ. మూడు."

"ఇదీ తప్పే."

ఆమె వెనక ఎవరో మగమనిషి విసుక్కున్నాడు. "ఇంకా ఎంతసేపు?"

"ఈయనకి చదవడం రావట్లేదు సార్," అంది ఆమె గట్టిగా.

ముసలాయనకి చుర్రుమంది. బడికి పోయింది తక్కువే గాని, తక్కెడ ముందు కూర్చుని ముసలివాడైన మనిషి. అంకెల దగ్గర ఎవరిచేతా మాట పడలేదు.

మూడోసారీ అదే తంతు.

"ఇక ఇవాళ్టికి కాదు," అని, ఆమె గొంతు బాగా తగ్గించింది. "అయినా ఎవరు ఫోను చేసి అడిగినా ఇలా గడగడా చదివేయడమేనా? ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా మీకు?"

పెట్టేసింది.

"చూశావా దాని పొగరు?" అన్నాడు భార్యతో. "అంకెలు తనకి రాక నన్ను తిడుతోంది."

"నా మీద అరిస్తే ఏం లాభం? ఆ అరిచేదేదో బ్యాంకుకెళ్ళి అరవండి."

వెళ్ళాడు. కౌంటరులో అమ్మాయి అంతా వింది. నవ్వలేదు.

"తాతగారూ, మేమెవరమూ మీకు ఫోను చేయలేదు. ఆ నంబరు మేమెప్పుడూ అడగం. అది మీ పెట్టె తాళంచెవి లాంటిది. ఎవరికి చెబితే డబ్బు వాళ్ళదే."

ముసలాయన అక్కడే బల్ల మీద కూలబడ్డాడు.

"మూడుసార్లు చెప్పానమ్మా."

ఆ అమ్మాయి కంప్యూటరులో చూసింది.

"డబ్బు కదల్లేదు. మూడుసార్లూ తప్పు నంబరే కొట్టారు. అలా కొడితే ఆ రోజుకి ఖాతా దానంతటదే మూసుకుపోతుంది. మీ అదృష్టం, తెలివితక్కువ దొంగ తగిలింది."

దగ్గరుండి పాస్‌వర్డులన్నీ మార్పించి పంపింది.

దారి పొడుగునా ముసలాయన తిట్లు కూర్చుకున్నాడు. ఇంటికొచ్చి భార్యకి అప్పజెప్పాడు.

"మళ్ళీ చేయకపోదు. అప్పుడు చెప్తాను దాని పని."

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. ఈసారి మగగొంతు.

"బ్యాంకు నుంచి సార్. నిన్న మీకు ఇబ్బంది అయిందట."

"నిన్న మాట్లాడిందే, ఆ అమ్మాయికివ్వు. దానితో పనుంది."

"ఆమె లేదు సార్. తీసేశాం."

"ఎక్కడుందిప్పుడు?"

"మాకేం తెలుసు సార్. బళ్ళో లెక్కలు చెప్పిన పంతులమ్మ కదా అని పెట్టుకున్నాం. చేరిన దగ్గర్నుంచి ఒక్క మనిషి చెప్పిన నంబరూ సరిగ్గా కొట్టలేదు. ఆమె సంగతి వదిలేయండి. మీకు నంబరు వచ్చిందా?"

నోటిదాకా వచ్చిన తిట్టు ముసలాయన నోట్లోనే ఉండిపోయింది.

కుర్చీ ఎండలోకి లాక్కుని, తీరిగ్గా కూర్చుని, "వచ్చింది బాబూ, రాసుకో," అని, ఫోనులో లేని అంకెలు ఒక్కొక్కటే, అవతలివాడు అలిసిపోయి పెట్టేసేదాకా చదువుతూనే ఉన్నాడు.