తల్లి ఉంగరం, పిల్ల ఉంగరం

బడిలో ఎవరూ లేని సమయం చూసి సైన్సు మాస్టారు తుమాసి యాసిడ్ సీసాను తొట్టిలో గుమ్మరించి, ఖాళీ అయిన సీసా నిండా మంచినీళ్ళు పట్టాడు. మూత బిగించాక గానీ ఆయన గుండె కుదుటపడలేదు.

ఇంత కర్మ పట్టించింది ఆయన వదినగారు న్యార్కో, అంటే భార్య సెర్వాకు అక్క. వాళ్ళుండే తార్క్వా బంగారు గనుల ఊరు. గనులున్న చోట దొంగ బంగారానికి కరువా? పక్కింటి పిల్లకు నిశ్చితార్థంలో తొడిగిన ఉంగరం వారం తిరక్కుండా వేలిని పచ్చగా చేసిందట. అందుకని రేపు మాస్టారి కూతురి నిశ్చితార్థానికి పెళ్ళికొడుకు తెచ్చే ఉంగరం మీద యాసిడ్ చుక్క పడాల్సిందేనంది వదినగారు. అంతవరకైతే గొడవే లేదు. కాబోయే అల్లుడు బైదూ మీద మాస్టారికి గుడ్డినమ్మకం. కానీ ముందు తల్లి ఉంగరం మీద వేసి చూపించాలి, ఆ తర్వాతే పిల్లది. అది వాళ్ళ పుట్టింటి ఆచారం.

ఆ తల్లి ఉంగరం ఇత్తడిదని మాస్టారొక్కడికే తెలుసు. నిరుడు సెర్వా దుంపలు దంచి ఫుఫు ముద్దలు చేస్తూ తీసి గట్టు మీద పెట్టిన బంగారు ఉంగరాన్ని ఆయనే నొక్కేసి, పూత పూసిన ఇత్తడిది దాని స్థానంలో పెట్టాడు. అమ్మగా వచ్చిందంతా ఊరి ఫుట్‌బాల్ జట్టు గెలుస్తుందని పందెం కాశాడు. జట్టు చిత్తుగా ఓడింది. సంగతి బయటపడితే ముందు రోకలి ఆయన వీపు మీదికి వస్తుంది, ఆనక పిల్ల పెళ్ళి పెటాకులవుతుంది.

మర్నాడు చుట్టాలందరి ముందూ న్యార్కో బడి నుంచి తెప్పించిన సీసా ఆయన చేతికిచ్చింది.

"చదువుకున్నవాడివి, నాలుగు ముక్కలు చెప్పి మరీ వెయ్యి మరిదీ."

మాస్టారు పాఠం అందుకున్నాడు. మూలకాల పట్టికలో ఎడమ అంచున కూర్చునే లోహాలు పుట్టు కోపిష్టివట. కిందికి పోయేకొద్దీ ఆ కోపం పెరుగుతుందట. సోడియానికి నీళ్ళు తగిలితే చిందులేస్తుంది, దాని కింది పొటాషియమైతే మంటే పెడుతుంది. పట్టిక మధ్యకొస్తే జోరు తగ్గుతుంది. ఇనుము తీరిగ్గా తుప్పు పడుతుంది, రాగి ఇలాంటి యాసిడ్‌కు గానీ లొంగదు. ఇత్తడిలో ఉన్నది రాగీ జింకే కాబట్టి పచ్చటి నురగ కక్కేస్తుంది. బంగారం మాత్రం ఉలకదు, పలకదు.

చుక్క సెర్వా ఉంగరం మీద పడింది. పొంగూ లేదు, పొగా లేదు. తర్వాత బైదూ తెచ్చిన దాని మీద పడింది. అదీ అంతే. జనం చప్పట్లు కొట్టారు, ఉంగరం పిల్ల వేలికెక్కింది. సెర్వా మొగుడి వంక మురిపెంగా చూసింది. జన్మలో మళ్ళీ పందెం జోలికి పోనని మాస్టారు లోలోపలే లెంపలేసుకున్నాడు.

ఆ సందట్లో బైదూ ఆయన్ని పెరట్లోకి లాక్కెళ్ళి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. కుర్రాడి కళ్ళలో నీళ్ళు.

"సీసా మార్చేద్దామని నిన్న నేనూ బడికొచ్చా మామయ్యా. కిటికీలోంచి చూద్దును గదా, అప్పటికే మీరు యాసిడ్ పారబోసి నీళ్ళు పడుతున్నారు. నా పరువు కాపాడారు, ఈ మేలు చచ్చినా మర్చిపోను. అదిసరే గానీ, నాది ఇత్తడి ఉంగరమని మీకెలా తెలిసింది?"