నాకు పడిన మాత్ర

"ఇంకో వారం ఇంజెక్షన్లేనటండీ. జీన్ రిపోర్టు వచ్చాకే మాత్ర మొదలుపెడతారట," అంది బాలామణి నీరసంగా.

ఆమె పొట్ట మీద సూది గుచ్చని చోటు లేదు. గుండె కవాటం మార్చారు. రక్తం గడ్డకట్టకూడదు.

భర్త వాసుదేవరావు గుండెజబ్బుకు రక్తం పలచబరిచే అదే మాత్రను ఏళ్లుగా వాడుతున్నాడు. భార్య బాధ చూడలేక, క్లినిక్ వెయిటింగ్ రూములోనే తన మాత్ర ఒకటి తీశాడు.

"నాకు పడింది నీకు పడదా? స్వామిని తలుచుకుని వేసుకో. ఇక రోజూ ఇద్దరం కలిసే వేసుకుందాం."

ఎదురుగా కూర్చున్న టోపీ ముసలాయన గబుక్కున లేచి వచ్చాడు.

"భాయ్, జర ఆగుండ్రి. అమ్మకు మీ గోలీ ఇయ్యకుండ్రి."

జర్మనీలోని ఈ వాల్డార్ఫ్‌లో తెలుగు వినబడినందుకు సంతోషించాలో, కోప్పడాలో తెలియలేదు వాసుదేవరావుకు.

"మీరు డాక్టరా?"

"కాదు."

"మరి మొగుడూ పెళ్లాల మధ్య మీకేం పని?"

"గోలీ ఒక్కటే గానీ, ఒళ్లు ఒక్కటి గాదు గదా. రిపోర్టు రానియ్యుండ్రి. దండం పెడత."

మాత్ర ఉన్న చేతికి తన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిచ్చాయనలా ఉన్నాడు," అని గొణిగాడు వాసుదేవరావు. అందరూ చూస్తుంటే చేసేది లేక మాత్ర జేబులో వేసుకున్నాడు.

రిపోర్టు వచ్చింది. బాలామణి ఒంట్లో ఆ మందు చాలా నెమ్మదిగా అరుగుతుందట. భర్త మోతాదులో నాలుగో వంతు చాలన్నారు డాక్టరు.

"నా మోతాదే వేసుంటే?"

"లోపల రక్తస్రావం. ప్రాణం మీదికి వచ్చేది."

దేవుడే ఆపాడనుకున్నాడు వాసుదేవరావు. మరి ఆ ముసలాయన చెయ్యే ఎందుకు కావలసి వచ్చిందో దేవుడికి?

మళ్లీ టెర్మిన్, అంటే డాక్టరు రమ్మన్న రోజున బాలామణి కొబ్బరి లడ్డూలు చేసి తెచ్చింది. ఆయన కుర్చీలో లేడు.

కౌంటర్లో ఉన్న మెహ్రీన్‌దీ హైదరాబాదే. ముసలాయనకు పక్కింటి అమ్మాయి. టోపీ పెద్దాయన రాలేదా అని ఆమెను అడిగింది బాలామణి.

"ఖుత్బుద్దీన్ చాచానా? పోయిన శుక్రవారం, జుమ్మా నాడు చనిపోయిండ్రు ఆంటీ."

బాలామణి లడ్డూల డబ్బా కౌంటరు మీద పెట్టేసింది.

"అయ్యో! ఆయనకేం జబ్బమ్మా, నేను సూదికి వచ్చినప్పుడల్లా ఇక్కడే ఉండేవారు?"

"జబ్బుకు నెలకోసారి వస్తే చాలు. కొత్తవాళ్లతో మాట్లాడనీకే రోజూ వచ్చి కూర్చుంటుండె."

"ఎందుకలా?"

మెహ్రీన్ తల దించుకుంది.

"చాచా భార్య అజ్రా చాచీకి సూదులంటే భయం. అప్పట్ల ఈ పరీక్ష లేకుండె. తనకు పడిన గోలీ ఆమెకూ పడ్తదని, ఆమె రక్తం కక్కుకొని పోయేదాంక రోజూ తన చేతితోనే ఏసిండు చాచా."