వరదనాటి దర్వాజా

రాత్రి ఇషా నమాజు అయ్యాక యాకుత్‌పురాలోని మా దేవిడీ, ఈ పాతకాలపు పెద్ద ఇంటి దర్వాజా ఎవరికీ తీయరు. వందేళ్ల కిందట మూసీ వరద వచ్చిన రాత్రి నుంచీ ఇంట్లో ఇదే ఆచారం.

ఆ వరద రాత్రి తెల్లవారాక ఎదుటి మిద్దె మీంచి ఎవరో తీసిన ఫోటోను మేడ మీద గదిలో స్కాన్ చేస్తున్నాను. నడుంలోతు నీళ్లలో జనం మా దర్వాజా బాదుతున్నారు. ఇవాళ పొద్దున నేను చూసినప్పుడు అందరివీ వీపులే. ఇప్పుడు బిడ్డనెత్తుకున్న ఒకామె నావైపు తిరిగి ఉంది.

కింద దర్వాజా చప్పుడైంది.

"పెండ్లై వచ్చినకాడి నుంచి గా చప్పుడు వింటున్న," అంది మంచం మీద దాదీ, మా నాయనమ్మ. "తియ్యకు నుజహత్."

"ఇంకెన్నేండ్లు వాళ్లను బయట నిలబెడ్తం దాదీ?"

కిందికి దిగి, అడ్డగడియ లాగి, రెండు రెక్కలూ బార్లా తెరిచాను. గల్లీ పొడిగా, ఖాళీగా ఉంది. తడి వాసన మాత్రం నన్ను ఒరుసుకుంటూ లోపలికి పోయింది. చాలాసేపు పోతూనే ఉంది.

పైకొచ్చి చూస్తే, ఫోటోలో దర్వాజా తెరిచి ఉంది. నీళ్లలో ఒక్కరూ లేరు.

దాదీ లేచి కిటికీ పట్టుకుని నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. కింద లోపలి చీకటి వాకిట్లోకి వంగి అడిగింది.

"అందరొచ్చిన్రా?"

వాకిలంతా ఒక్క గొంతై పలికింది.

"వచ్చినం తల్లీ."