రాయి మీది అంకె

తరుగు సంగతి వీడు ఇంకా ఎత్తలేదు. ఎత్తుతాడు. మనిషన్నాక మరిచిపోతాడు, గుర్తు తెచ్చుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది. కొడుకు కుర్చీ వెనక నిలబడి, కంప్యూటర్ తెర మీద మెల్లగా తిరుగుతున్న క్వారీ గుంతను చూస్తూ బుచ్చిరాములు అనుకున్నాడు.

కూతురు నవ్యశ్రీ పోయి నలభై రోజులు. మూతపడిన ఆ గ్రానైట్ క్వారీ నీళ్లలో తేలింది. గట్టు మీద దొరికిన ఆమె ఫోన్‌లో చివరివి రెండు ఫోటోలు. రెండింటిలోనూ ఒక గ్రానైట్ బ్లాక్ పక్కన, గుంతకు వీపు పెట్టి నవ్వుతోంది. తీసింది తామేనని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"చూడు బాపు," కరుణాకర్ మౌస్ కదిపాడు. "ఒక్క ఫోటో అయితే ఏం తెల్వకపోవు. రెండోది ఒక అడుగు పక్కకు జరిగి తీసిండు. మనకు రెండు కండ్లున్నట్టు. గందుకే లోతు తెలుస్తుంది. మన అదృష్టం."

రెండేళ్లుగా తీరిక దొరికితే వాడు ఈ ప్రోగ్రామే రాస్తున్నాడు. ధర్మపురిలో గోదావరి మెట్లు, ఇంటి ముందు బోరింగు, పక్కింటి బర్రె, దేన్నయినా రెండేసి ఫోటోలు తీసుకొచ్చి తెర మీద బొమ్మలా నిలబెట్టేవాడు. ఇప్పుడు క్వారీ గట్టు నిలబడింది, బ్లాక్ నిలబడింది. నవ్యశ్రీ ఉండాల్సిన చోట మాత్రం ఒక కంత.

"బిడ్డ ఏది?"

"కదిలింది బాపు. రెండు ఫోటోల నడుమ వెనుకకు జరిగింది. కదిలినోళ్లు దీంట్ల రారు."

ఎవరో జరగమని ఉంటారు. జర వెనుకకు. ఇంకొంచెం. అంతే అని ఉంటారు, చంపాలని కాదేమో. రెండో ఫోటోలో ఆమె కళ్లు మూసుకుని, నోరంతా తెరిచి నవ్వుతోంది. మొగుడి ముందు అలా నవ్వగా బుచ్చిరాములు ఎన్నడూ చూడలేదు.

పోశవ్వ చాయ్ తెచ్చి కొడుకు పక్కన పెట్టింది.

"రెండేండ్లు గా డబ్బల తలకాయ వెట్టి కూసుంటివి. గిప్పుడన్న అక్కరకొచ్చింది. ఏమంటది, వాడేనా?"

"ఫోటో తీసినోని ఎత్తు చెప్తుందవ్వా. ఫోన్ కంటి ముందర పట్టుకుంటరు గద. నేల నుంచి నూట నలభై ఐదు సెంటీమీటర్లు వచ్చింది. అంటే మనిషి ఐదడుగుల మీద ఒక్క అంగుళం."

"హనుమండ్లే," అంది పోశవ్వ. అల్లుడు పొట్టివాడు. "పెండ్లినాడే అన్న. వాడు దండ వెయ్యాలంటే పిల్ల వంగవట్టె."

నవ్యశ్రీ పోయిన రోజు హుజూరాబాద్‌లో తన ఎరువుల దుకాణంలో ఉన్నానని హనుమండ్లు పోలీసులకు చెప్పాడు. చూశామన్నవాళ్లు మాత్రం లేరు.

"ఎత్తు దానికెట్ల తెలుస్తది?" బుచ్చిరాములు అడిగాడు.

"ఫోటోల ఏదన్న ఒక్కదాని కొలత మనం చెప్పాలె. మిగతావి అదే లెక్క కడ్తది. బ్లాక్ మీద ఎర్ర రంగుతోని పొడుగు రాసి ఉంది గద, రెండు వందలు. గదే ఇచ్చిన."

ఆ క్వారీలో ఇరవై ఆరేళ్లు బ్లాకులు కొలిచింది బుచ్చిరాములే. రాయి మీద ఉండే అంకె రాయి పొడుగు కాదు. అంచులు కోతలో పోతాయి కనుక, కొలిచినదాంట్లోంచి తరుగు తీసి మిగిలింది పలికేవాడు. ఆ బ్లాక్ మూలన పగులుంది. దానికి ఇరవై తీశాడు. రాయి అసలు పొడుగు రెండు వందల ఇరవై. ఆ సంగతి టేపు పట్టినవాడికీ, రంగుతో అంకె వేసినవాడికీ తప్ప ఎవరికీ తెలియదు.

రెండు వందల ఇరవై అయితే ఫోన్ పట్టిన కన్ను నేల నుంచి దాదాపు నూట అరవై, ఫోటో తీసినవాడు ఐదడుగుల ఏడంగుళాల మనిషి. అల్లుడు కాదు. నోరు విప్పితే అల్లుడు బయటపడతాడు. విప్పకపోతే రేపటికి జైల్లో ఉంటాడు.

"గా అంకె మీద నీకు నమ్మకమేనా?"

"నువ్వు కొలిచిందే గద బాపు. నీ కొలత తప్పుతదా?"

"కలిపేది ఏం లేదా?"

"ఏం లేదు."

వాడు తెర మీంచి చూపు తిప్పలేదు. అల్లుడి మీద ప్రింటు తీసిన ఫిర్యాదు తండ్రి చేతికిచ్చి, పెన్ను మూత తీసి పెట్టాడు. "సంతకం వెట్టు. నాలుగింటికి స్టేషన్ల ఇచ్చొస్త."

మరిచిపోవడం వేరు, మరిచిపోయినట్టు ఉండడం వేరు. పైకి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. బుచ్చిరాములు పెన్ను పట్టుకున్నాడు. కాగితం మీద ఆనించాడు.

"ఇంకోసారి యాది జేసుకో బిడ్డా."

"ఏం యాది జేసుకోవాలె?"

"పిల్లను సంపినోని మీద గింత పావురం, గింత జాలేంది నీకు?" పోశవ్వ కసిరింది. "సంతకం వెట్టు."

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. గూట్లోంచి పాత స్టీలు టేపు తీశాడు.

"కరుణాకర్, తలుపుకు ఆనుకొని నిలవడు."

"ఎందుకు బాపు?"

"నిలవడు."

పోశవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కరుణాకర్ లేచాడు. తలుపు దాకా వచ్చి, తల దించుకుని నిలబడ్డాడు. బుచ్చిరాములు వాడి గడ్డం కింద చెయ్యి పెట్టి తల ఎత్తాడు. టేపు మొనను కాలి బొటనవేలితో నేలకు తొక్కిపట్టి, వాడి కంటి దాకా లాగాడు.

ఆ బ్లాక్ మీద అంకె వేసింది కరుణాకరే.