దొనాతో ఆఖరి పంట

ఆ రెండు వైను సీసాలనూ గడప దాటనివ్వలేదు మస్తానాబీ. నమాజు చేసే ఇంట్లో అవి వద్దంది. ఆమె భర్త రసూల్ సాబ్ బయట రేకుల పందిరి కిందే బల్ల వేశాడు.

వాటిని తెచ్చిన అమ్మాయి పేరు లూచియా. ఇటలీ నుంచి అడ్రసు పట్టుకుని పామిడి దాకా వచ్చింది. ఇటలీలో దక్షిణాన, ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం వాలులో, వాళ్ల నాన్న దొనాతోకు ద్రాక్షతోట ఉంది. రసూల్ సాబ్ అందులో పదహారేళ్లు పనిచేశాడు. ఒక్క చుక్క నోట పెట్టి ఎరగడు. వాసన చూసే, ఏ పీపా ఎన్నేళ్లు ఆగాలో చెప్పేవాడు. దొనాతో ఆ మాట జవదాటేవాడు కాదు.

అలాంటిది, అయిదేళ్ల కిందట రసూల్ సాబ్ ఉన్నట్టుండి ఇల్లు గుర్తొస్తోందని వచ్చేశాడు. దొనాతో రెండు చేతులూ పట్టుకున్నా ఆగలేదు. ఇప్పుడు నైటీలు కుడుతున్నాడు. "బంగారట్లా పని ఇడిసిపెట్టి ఎందుకొచ్చినావన్నా?" అని పక్క మిషన్ మారెప్ప అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

లూచియా ముందుగా తండ్రి పోయిన సంగతి చెప్పింది. మొన్న చలికాలంలో, నిద్రలోనే పోయాడట. రసూల్ సాబ్ లేచి వెళ్లి, మొహం కడుక్కుని వచ్చాడు.

ఆమె రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటి పదమూడేళ్ల నాటి వైను. రసూల్ సాబ్, దొనాతో ఇద్దరూ కలిసి చేసింది. రెండోది దొనాతో ఆఖరి పంట. మిగతాదంతా ఇంకా పీపాల్లోనే ఉంది. గొంతు పట్టేసేంత వగరు. ఇది ఎన్నేళ్లు ఉంచినా మెత్తబడదనీ, ఇప్పుడే అమ్మేస్తే వేరేవాటిలో కలిపేసుకుంటామనీ వ్యాపారులు వెంటపడుతున్నారు.

"నాన్న చేత్తో చేసింది ఇంక ఇదొక్కటే. ఉంచనా, అమ్మనా? మీరే చెప్పాలి" అందామె వాళ్ల భాషలో.

ఇంకో మాట కూడా చెప్పింది. రసూల్ వెళ్లాక కళ్లు లేనివాడిలా తడుముకుంటున్నానని దొనాతో చివరిదాకా బాధపడేవాడట.

రసూల్ సాబ్ వెంటనే గ్లాసు ముట్టుకోలేదు. ఆ ఏడు వానలు ఎప్పుడు పడ్డాయని అడిగాడు. గుత్తులు ఎప్పుడు కోశారు, రసం తొక్కలతో ఎన్నాళ్లు నానింది, పీపాలు పాతవా కొత్తవా, అన్నీ అడిగాడు. దొనాతో దగ్గరుండే చేయించాడా అని రెండుసార్లు అడిగాడు. ఆమె రెండుసార్లూ ఔనంది.

అప్పుడు పాతదాన్ని ఎండకు ఎత్తాడు. అంచున ఇటుక రంగు తిరిగింది. కళ్లు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎండిన నేరేడు పండు. పాత తోలు. ఆరిన పొయ్యిలో బూడిద. తొలి చినుకు పడ్డ నల్లమట్టి. ఒక్కొక్కటే చెబుతూ పోయాడు. లూచియా ఏడుస్తూ తలాడించింది. వాళ్ల నాన్న కూడా అచ్చం ఇవే మాటలు చెప్పేవాడంది.

కొత్తది చిక్కటి ఊదా రంగులో ఉంది. దాన్ని ఇంకా ఎక్కువసేపు పట్టుకున్నాడు. గడప లోపల మస్తానాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"అమ్మొద్దు తల్లీ" అన్నాడు చివరికి. "మీ నాన్నలాగే మొండిది ఇది. పదేళ్లు దీని జోలికి పోవద్దు. ఆ తర్వాత పాతదాన్నే మించిపోతుంది."

ఆ అమ్మాయి ఆయన చేతిని కళ్లకు అద్దుకుంది. మమ్మల్ని ఎందుకు వదిలి వచ్చేశారని ఒక్కసారి అడిగింది. ఇల్లు గుర్తొచ్చిందన్నాడు.

ఆమె వచ్చిన కారు బెంగుళూరు దారి పట్టింది. దుమ్ము అణిగేదాకా చూసి మస్తానాబీ బయటికొచ్చింది. ఆయన ఇంకా ఆ గ్లాసును ముక్కుకు ఆనించుకునే ఉన్నాడు. గాలి లోపలికి పీలుస్తున్నాడు, మళ్లీ పీలుస్తున్నాడు. చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

ఆమె మెల్లగా ఆయన మణికట్టు పట్టుకుని గ్లాసు కిందికి దించింది.

"ఆడ జ్వరమొచ్చి ముక్కుకు వాసన పోయి అయిదేండ్లాయె, ఈ పొద్దు మాత్రం యాడ తెలుస్తాది?"